జాయింటు మీద కొబ్బరినీళ్ళు

నా ఉద్యోగం అతుకులు చూడడం. ఎవరైనా అడిగితే గ్యాస్ పైపులైనులో క్వాలిటీ ఇంజినీరునని గొప్పగా చెప్పుకుంటాను గాని, చేసే పని మాత్రం అదే. రెండు ఉక్కు పైపుల్ని మూతీ మూతీ కలిపి వెల్డింగ్ చేస్తారు. ఆ జాయింటుకి ఎక్స్‌రే తీస్తారు. ఆ ఫిల్ముని లైటు పెట్టె మీద పెట్టి, లోపల గాలి బుడగలున్నాయా, చీలికలున్నాయా అని నేను చూస్తాను. పైన పటారం లోన లొటారం అన్న సామెత వెల్డింగ్ తెలిసినవాళ్ళే కట్టి ఉంటారని నా అనుమానం. పైకి అల్లిన జడలా కనబడే జాయింటు ఫిల్ము మీద పుచ్చు వంకాయలా ఉంటుంది. చూడ్డానికి వంకరటింకరగా ఉన్నది ఒక్కోసారి లోపల శుభ్రంగా ఉంటుంది. ఇన్నేళ్ళలో ఎన్నింటిని పనికిరావన్నానో లెక్కలేదు. ఆ మాట అనడానికి నాకెప్పుడూ మొహమాటం లేదు. వెల్డర్లు నన్ను చాటున గయ్యాళి అంటారని తెలుసు, దానికి లోలోపల కొంచెం సంతోషపడేదాన్ని కూడా.

అలాంటి గయ్యాళికి కిందటేడు ఒక పెద్దాయన ముందు "వద్దండీ" అనడానికి నోరు పెగల్లేదు. ఆయన మా మామగారు. సిగ్గుపడాల్సింది అదొక్కటే అయితే ఈపాటికి మర్చిపోయేదాన్ని.

మా ఆయన ఉద్యోగం, నా ఉద్యోగం ఊళ్ళు తిప్పి తిప్పి చివరికి మమ్మల్ని అమలాపురం చేర్చాయి. మామగారు మాతోనే ఉండేవారు. ఆయన తోట రాజోలు వైపు ఇంకో ఊళ్ళో ఉంది, వాళ్ళమ్మగారి తరఫున వచ్చింది. రోజూ పొద్దున్నే మోపెడ్ మీద వెళ్ళి, కాయల దింపు చూసుకుని, పాలేరుతో కబుర్లు చెప్పి, మధ్యాహ్నానికి ఇల్లు చేరేవారు. ఇంటికి దగ్గరలో కొత్త లైను పని వచ్చిందని నేను ఎగిరి గంతేశాను. తీరా మ్యాపు చూస్తే, గీత సరిగ్గా మామగారి తోట మధ్యనుంచే పోయింది.

కొబ్బరిచెట్టుని మా వైపు పెద్దకొడుకంటారు. ఓ వరసంతా కొట్టేశారు. పైపు పూడ్చాక కూడా ఆ మేర మళ్ళీ చెట్టు నాటకూడదు. "కోడలు ఆ ఆఫీసులోనే ఉంది కదా, గీత అటో ఇటో జరపమనకపోయారా" అని మా ఆయనే వాళ్ళ నాన్నగారితో అన్నారు. మామగారు మాత్రం నన్ను ఆ మాట అడగలేదు. అడిగిందల్లా ఒకటే.

"అతుకులు గట్టిగా ఉంటాయా అమ్మా? పాలేరు ఇల్లు ఆ పక్కనే ఉంది. పిల్లలున్నారు."

ఒకసారి లైను పేలి జనం కాలిపోయిన దగ్గర్నుంచీ, గ్యాస్ లైను అంటే మా వైపు వాళ్ళకి గుండె జారుతుంది.

"నేను చూస్తాను కదండీ" అన్నాను.

"ఆయ్, నువ్వు చూస్తే ఇంకేం కావాలమ్మా" అన్నారు.

అప్పుడే నేను ఆయన్ని ఒక మాట అడిగాను. సైటులో మనం చుట్టాలమని ఎవరికీ తెలియనివ్వద్దు అని. సొంతవాళ్ళ భూమి లైనులో పడితే ఆఫీసుకి చెప్పాలన్నది మా దగ్గర రూలు. చెబితే నన్ను లైనులో ఇంకో ముక్కకి, ఏ సముద్రం ఒడ్డుకో పంపేస్తారు. ఇన్నాళ్ళకి ఇంటి అన్నం తింటూ చేసే పని దొరికితే పోగొట్టుకోవడం నాకిష్టంలేదు. ఇదంతా ఆయనకి చెప్పాను. చెప్పనిది ఇంకోటుంది. సైటులో నేను హెల్మెట్ పెట్టుకుని, ఇంగ్లీషులో కసురుతూ తిరిగే మనిషిని. ఆయన మోకాళ్ళ పైకి కట్టిన పంచె, భుజాన గళ్ళ తువ్వాలు, మాటకి ముందో 'అండీ' వెనకో 'అండీ'. ఆ ఇద్దరూ ఒకింటివాళ్ళని నలుగురికీ తెలియడం నాకు నచ్చలేదు.

"ఆయ్, అలాగేనమ్మా. ఉద్యోగం అన్నాక అంతే కదా" అన్నారాయన. మాటిచ్చినట్టే నిలబెట్టుకున్నారు. ఆ ఊళ్ళో నా మొహం ఎరిగినవాళ్ళు, పాలేరుతో సహా, ఎవరూ లేరు గనక గుట్టు బయటపడలేదు.

తోటలోకి యంత్రాలు దిగాక ఆయన ఇంటికి రావడం సాయంత్రాలకి జరిగింది. పనివాళ్ళని తన తోటకి వచ్చిన చుట్టాల్లా చూసుకునేవారు. మా నేలలో మూడడుగులు తవ్వితే నీళ్ళే. గోతిలో నీరు తోడే మోటార్లు మొరాయిస్తే తన మోటారు తెచ్చి పెట్టారు. ఒకసారి ఆత్రేయపురం నుంచి పూతరేకులు తెప్పించి, వెల్డరు దగ్గర్నుంచి డ్రైవరు దాకా చేతుల్లో పెట్టారు. నాకు ఇచ్చేటప్పుడు "మేడంగారు కూడా ఒకటి పుచ్చుకోవాలండీ" అన్నారు. ఆ మాట అనేటప్పుడు ఆయన కళ్ళల్లో కాస్త అల్లరి ఉండేది మొదట్లో. ఇదో నాటకం, ఇద్దరం కలిసి ఆడుతున్నాం అన్నట్టు.

మా సైటు మేనేజరు సిటీ నుంచి వచ్చినవాడు. పని తెలిసినవాడే, నోటికి మాత్రం హద్దు లేదు. మామగారికి 'ఆయ్ గారు' అని పేరు పెట్టాడు. ఒకరోజు ఆయన బొండాలు కొట్టించి తెచ్చారు. మేనేజరు ఒకటి తాగి, ఆయన అటు తిరగ్గానే నడుం వంచి, చేతులు కట్టుకుని, "ఆయ్, తమరు ఇంకోటి పుచ్చుకోవాలండీ, ఆయ్" అంటూ మొదలెట్టాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే అనుమానం వస్తుందేమోనని, పళ్ళు కనబడేలా మరీ నవ్వాను. మామగారు వెనక్కి వచ్చారు, కత్తి మర్చిపోయారట. కత్తి తీసుకుని, నాకేసి చూడకుండా వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చేటప్పుడు నాకిష్టమని పనసపొట్టు తెచ్చారు. రెండు తిట్లు తిట్టినా నాకు హాయిగా ఉండేది. "ఆవ కాస్త తగిలించి చెయ్యమ్మా" అన్నారు, అంతే. ఆ తరవాత సైటులో ఆయన నన్ను మేడంగారూ అన్నప్పుడు కళ్ళల్లో అల్లరి కనబడలేదు.

తోట చివర కాలవ ఉంది. కాలవ అడుగునుంచి లాగిన పైపునీ, తోటలో పడుకోబెట్టిన పైపునీ కలిపే జాయింటు ఒకటి మిగిలింది. అలాంటివి చెయ్యడం కష్టం, పైపుని అటూ ఇటూ కదపడానికి ఉండదు. దాన్ని ఒరిస్సా నుంచి వచ్చిన వెల్డరుకి అప్పగించారు. నెమ్మదస్తుడు, చెయ్యి మంచిదే. అయితే వానల్లో అతని జాయింట్లు రెండు నేనే తిరగ్గొట్టాను, న్యాయంగానే. ఇంకోటి పోతే మూటాముల్లె సర్దుకోమని మేనేజరు అందరి ముందూ అనేశాడు. ఒక లైను నుంచి పంపేశారంటే ఇంకో లైనులో వెల్డరుని అంత తేలిగ్గా పెట్టుకోరు. కాబట్టి ఆ రోజు అతను మంత్రం జపిస్తున్నవాడిలా పని చేశాడు. ముందు పైపు మూతులు మంటతో వేడి చేశాడు. చినుకు పడుతుందేమోనని పైన టార్పాలిన్ కట్టించాడు. కాలిన ఉక్కు నెమ్మదిగా చల్లారాలి. ఒక్కసారిగా చల్లారితే గట్టిపడి పెళుసెక్కుతుంది, పక్కనే పగులుతుంది. అందుకే పని అవగానే కప్పడానికి వేడి పోకుండా ఆపే దుప్పటి కూడా దగ్గర పెట్టుకున్నాడు.

వెల్డింగ్ ఆఖరి వరస పూర్తయింది. అతను ముసుగు తీసి, చెమట తుడుచుకుంటున్నాడు. సరిగ్గా అప్పుడే గోతి గట్టు మీద మామగారు ప్రత్యక్షమయ్యారు. చేతిలో ఇత్తడి పళ్ళెం. అందులో పసుపు, కుంకుమ, రెండు బంతిపూలు, ఒలిచిన కొబ్బరికాయ. కొట్టేసిన చెట్లలో ఒకదాని కాయ అదని తరవాత తెలిసింది.

మా వైపు కొత్త మోటారు బిగించినా, బండి కొన్నా, పడవకి ఇంజను పెట్టినా బొట్టు పెట్టి కాయ కొడతారు. కొట్టడంతో సరిపోదు, ఆ నీళ్ళు వస్తువు మీద పోయాలి. పుట్టినప్పట్నుంచీ చూస్తున్నదే. కాబట్టి పళ్ళెం చూసిన క్షణంలోనే ఏం జరగబోతోందో నాకు తెలుసు. తెలియదని బుకాయించడానికి నాకు ఏ వీలూ లేదు.

"మేడంగారండీ, తోటలో ఆఖరి అతుకు కదండీ. కాయ కొట్టుకోవచ్చాండీ?" అన్నారు.

పక్కన మేనేజరు మోచేత్తో ఎవర్నో పొడిచాడు. "ఆయ్ గారు పూజ మొదలెట్టారు, ఫోన్లు తియ్యండ్రా" అని, మోగుతున్న తన ఫోను చెవిన పెట్టుకుని జీపు వైపు వెళ్ళిపోయాడు. మిగతావాళ్ళు నవ్వుతున్నారు. వద్దంటే ఆయన ఎందుకమ్మా అంటారు. ఆ 'అమ్మా' అందరూ వింటారు. పోనీ మేడంలా కసురుదామంటే, ఇంట్లో నాకు మొదటి ముద్ద వడ్డించాకే తను తినే మనిషిని ఎలా కసరను? కోడలిగా ఆపలేక, మేడంగా ఆపలేక, త్వరగా అయిపోతే చాలన్నట్టు తల ఊపాను. వెల్డరు నాకేసి చూశాడు. నేను తల ఊపడం చూసి, పట్టుకున్న దుప్పటి కింద పెట్టి, పక్కకి జరిగాడు.

ఆయన గోతిలోకి దిగి పైపుకి బొట్టు పెట్టారు, వేడికి వేలు చురుక్కుమని గభాలున తీసుకున్నారు. కాయ రాయి మీద కొట్టారు. రెండు చిప్పల్లో నీళ్ళూ జాయింటు నడినెత్తిన పోశారు. చుయ్యిమని ఆవిరి లేచింది. ఆయన కళ్ళు మూసుకుని, "తల్లీ, ఎవరికీ ఏ కీడూ చెయ్యకు" అన్నారు. వెల్డరు ఒక్క దూకున వచ్చి దుప్పటి కప్పాడు. నేను గడియారం చూసుకుంటూ నిలబడ్డాను.

కాసిని నీళ్ళకి ఏమవుతుందిలే అనుకున్నాను. వేరే ఎవరైనా ఆ మాట అంటే చెడామడా తిట్టి ఉండేదాన్ని.

ఒక రోజు ఆగి ఎక్స్‌రే తీశారు. ఫిల్ము లైటు పెట్టె మీద పెట్టాను. వెల్డు పక్కనే సన్నటి నల్లని గీత, తలవెంట్రుక అంత. చీలిక. బుడగలైతే చెక్కి బాగుచెయ్యొచ్చు, చీలికకి ఆ వీలు లేదు, జాయింటు మొత్తం కోసెయ్యాల్సిందే. పైపు చుట్టూ ఎక్కడేముందో తెలియడానికి ఫిల్ము మీద అంకెలుంటాయి. అవి చూస్తే చీలిక సరిగ్గా నడినెత్తిన ఉంది. కొబ్బరినీళ్ళ వల్లే పగిలిందని ఏ ప్రయోగశాలా నాకు చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా.

"సరిగ్గా వేడి చెయ్యకుండా మొదలెట్టి ఉంటాడు. పంపించేద్దాం" అన్నాడు మేనేజరు.

వెల్డరుని పిలిపించారు. "వేడి చేశాను సార్" అన్నాడు, వచ్చీరాని తెలుగులో. ఇంకేమీ అనకుండా నాకేసి చూశాడు. పళ్ళెం సంగతి అతనే చెబుతాడని ఎదురుచూశాను. చెప్పలేదు. మేడం ఒప్పుకున్న పని తప్పెలా అవుతుందనుకున్నాడో, మేడం మీద ఎలా చెప్పాలనుకున్నాడో. "రేపు చూసి చెబుతాను" అని ఫిల్ము కవర్లో పెట్టేశాను. అక్కడ చూడ్డానికి ఇంకేమీ మిగల్లేదు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర మామగారే అడిగారు.

"మన అతుకు పాసయ్యిందా అమ్మా?"

"లేదండి."

"అయ్యో. ఏమొచ్చింది?"

చెప్పాను. చల్లారకముందు నీళ్ళు పడితే ఉక్కు ఏమవుతుందో, వెల్డరుని ఏం చెయ్యబోతున్నారో, అన్నీ చెప్పాను. ఆయన కలిపిన ముద్ద కంచంలోనే ఉండిపోయింది. తరవాత, కోపంగా కాదు, నిజంగానే తెలియక అడిగినట్టు అడిగారు.

"నువ్వు అక్కడే ఉన్నావు కదమ్మా. వద్దని చెప్పలేదేం?"

"అందరూ నవ్వుతున్నారండి" అన్నాను.

"నన్ను చూసి రోజూ నవ్వుతూనే ఉన్నారు కదమ్మా" అన్నారు.

చెయ్యి కడుక్కుని లేచిపోయారు. రేపు సైటులో నిజం చెప్పేస్తానని నేను మా ఆయనతో అన్నాను. నిజంగా చెప్పేదాన్నో కాదో ఇప్పటికీ నాకు తెలియదు. ఆ అవకాశం ఆయన నాకు ఉంచలేదు.

పొద్దున్న నేను వెళ్ళేసరికి ఆయన అప్పటికే మేనేజరు ముందు నిలబడి ఉన్నారు. ఉతికిన పంచె కట్టుకున్నారు, తువ్వాలు భుజం మీంచి తీసి చేతిలో పట్టుకున్నారు. చుట్టూ పనివాళ్ళు. వెల్డరు ఓ పక్కన తన సంచీతో నిలబడ్డాడు.

"తప్పు నాదండీ. అతుకు చల్లారకుండానే నీళ్ళు పోసేనండీ. ఆ అబ్బాయి పనిలో ఏ లోపం లేదండీ" అంటున్నారు.

"ఎవరు పొయ్యమన్నారు? మేడం అక్కడే ఉన్నారుగా?"

ఆయన నన్ను చూశారు. చూసి, మళ్ళీ మేనేజరు వైపు తిరిగారు.

"మేడంగారు వద్దనే చెప్పేరండీ. నేనే వినిపించుకోలేదండీ. పెద్దవాణ్ణి కదండీ, చెవులు సరిగ్గా పనిచెయ్యవండీ."

ఆయన చెవులు ఎంత చురుకో నాకు తెలుసు. పక్కగదిలో నేను నిట్టూరిస్తే టీ పెట్టుకొస్తారు. నాకు తెలిసి ఆయన అబద్ధం ఆడడం అదే మొదలు.

మేనేజరు అందుకున్నాడు. "బుద్ధుందా పెద్దాయనా? ఇదేమన్నా మీ ఊరి గుడి అనుకున్నావా? నీ కాయ వల్ల ఎంత పని పోయిందో తెలుసా నీకు? ఇంకోసారి ఈ ఛాయల కనిపించావంటే మర్యాదగా ఉండదు" అంటూ ఏకవచనంలో దులిపేశాడు. ఆయన తోటలో, ఆయన చెట్లు కొట్టేసిన చోట నిలబడి. మామగారు ప్రతి మాటకీ "ఆయ్, ఆయ్ అండీ" అంటున్నారు, తల దించుకుని. ఎవ్వరూ నవ్వలేదు ఈసారి. నేను నోరు తెరవాలనుకున్నాను. తెరుద్దామనుకున్నంతలో ఇంకో తిట్టు, ఆగుదాం అనుకున్నంతలో మరోటి. అన్నీ అయ్యేదాకా ఆగాను. ఇప్పటికీ ఆయన మామూలుగా నాతో మాట్లాడినా, పెరట్లో మొక్కలకి నీళ్ళు పోస్తూ కనబడినా, నాకు ముందు గుర్తొచ్చేది ఆ ఆగడమే.

"ఆయన మా మామగారు" అన్నాను చివరికి. "ఆయన చెప్పింది అబద్ధం. నేను వద్దనలేదు. తల ఊపాను. వెల్డరు చూశాడు."

మామగారు తలెత్తి నాకేసి చూశారు. మెచ్చుకుంటారనుకున్నాను, నా పిచ్చి. పదిమంది ముందూ అబద్ధం ఆడినట్టు దొరికిపోయిన మనిషి మొహం అది. తువ్వాలుతో మొహం తుడుచుకుని పక్కకి తిరిగారు.

మేనేజరు మొహం రంగు మారింది. "అయ్యో, ముందే చెప్పొద్దా మేడం! ఏమనుకోకండి మామగారూ, తెలీక అనేశాను. ఒరేయ్, పెద్దాయనకి కుర్చీ వెయ్యండ్రా" అన్నాడు. ఎవరో పరుగెత్తి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, తుడిచి వేశారు. నిమిషం క్రితం దులిపించుకున్న మనిషే, అదే పంచె, అదే తువ్వాలు. నా మామగారు అయ్యేసరికి కుర్చీ వచ్చింది. తోట ఆయనదని మొదటి రోజునుంచీ అందరికీ తెలుసు, అప్పుడు ఎవరికీ కుర్చీ గుర్తురాలేదు.

ఆయన కూర్చోలేదు. "ముందు ఆ అబ్బాయి సంగతి తేల్చండీ" అన్నారు.

మేనేజరు ఏదో నసిగాడు, పైవాళ్ళని అడగాలన్నాడు. "ఆయ్, అడగండీ. నేనుంటానండీ" అని అలాగే నిలబడ్డారు. ఎండ ఎక్కుతోంది. మేనేజరు ఫోన్లు చేశాడు. ఆ జాయింటు వెల్డరు ఖాతాలో పడదని, మళ్ళీ అతనే చేస్తాడని తేలింది. నన్ను మాత్రం ఆ ముక్క నుంచి తప్పించారు, అది న్యాయమే. జాయింటు కొయ్యడానికి మనుషులు గోతిలోకి దిగారు.

అప్పుడు కూర్చున్నారు మామగారు. నేను పక్కన నిలబడ్డాను. చుట్టూ చూసి, ఎవర్నీ ఉద్దేశించకుండా, "కాసిని మంచినీళ్ళుంటే ఇప్పిస్తారాండీ" అన్నారాయన.

నేను నా సీసా కోసం జీపు వైపు కదిలేలోపే, వెల్డరు సంచీ కింద పెట్టి, గ్లాసు కడిగి, నీళ్ళు పట్టుకొచ్చి ఆయనకిచ్చాడు.